డెబ్బై నాలుగో వరుస

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం, ఉదయం 8 గంటల 52 నిమిషాలకు గుండ్లకోన ఘాట్ ర్యాలీలో పదిహేడో నంబరు కారు 11.4వ కిలోమీటరు దగ్గర రోడ్డు దాటి లోయలో పడింది. అక్కడ రోడ్డు ఎడమకు తిరుగుతుంది. కారు తిరగలేదు. రోడ్డు మీద బ్రేకు గుర్తులు లేవు. కారు నడిపిన నరహరి, ముప్పై నాలుగేళ్లు, అక్కడికక్కడే చనిపోయాడు. పక్క సీట్లో ఉన్న కో-డ్రైవర్, అతని చెల్లెలు రెడ్డిరాణి, ఇరవై తొమ్మిదేళ్లు, బతికింది. ఆమెకు ఎడమ భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి.

ఆ ఉదయం ఎండ కాసింది. రోడ్డు పొడిగా ఉంది. కారును విప్పి చూసినవాళ్లకు అందులో లోపం కనబడలేదు.

అన్నాచెల్లెళ్లది మదనపల్లె. బెంగుళూరు రోడ్డులో వాళ్లకు గ్యారేజీ ఉంది. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే కారులో ర్యాలీలకు వెళ్లారు. ర్యాలీలో డ్రైవర్ చూసిన రోడ్డును కాదు, విన్న రోడ్డును నడుపుతాడు. కో-డ్రైవర్ ముందుగా రాసుకున్న నోట్సు చదువుతూ పోతుంది. ప్రతి మలుపుకూ ఒక అంకె. ఆరు అంటే వేగం తగ్గించకుండా తిరగొచ్చు. ఒకటి అంటే దాదాపు ఆగి తిరగాలి. గుండ్లకోనకు రెడ్డిరాణి రాసిన నోట్సులో 118 వరుసలు ఉన్నాయి. డెబ్బై నాలుగో వరుస ఇది: "ఎడమ రెండు, కల్వర్టు, కొయ్యొద్దు." కొయ్యొద్దు అంటే మలుపు లోపలి అంచు మీదుగా పోవద్దని.

ఆ ఉదయం రెడ్డిరాణి ఆ వరుస చదివిందా లేదా అన్నది పంతొమ్మిది రోజుల పాటు ఎవరికీ తెలియలేదు. రెడ్డిరాణికీ తెలియదు.

*

అంతకు నాలుగు నెలల ముందు, అక్టోబరు 14న, ఇద్దరూ తిరుపతిలోని తిరుగలి స్టూడియోకు వెళ్లారు. అది ఒక కల్యాణమండపం మీద మొదటి అంతస్తు. కింద పెళ్లిళ్లు జరుగుతూనే ఉంటాయి. పైన ఒక ర్యాలీ ఆట తయారవుతోంది. ఆట పేరు "ఘాట్". అప్పటికి వెర్షన్ 0.31. తలకు హెల్మెట్ పెట్టుకుంటే కళ్ల ముందు గుండ్లకోన రోడ్డు వస్తుంది. స్టీరింగ్, మూడు పెడళ్లు, నేలకు బిగించిన సీటు. చెవుల వెనక ఒక పట్టీ.

పట్టీ గురించి స్టూడియో పెట్టిన ఇందుశేఖర్ చెప్పాడు.

"ఇలాంటి ఆటలు ఆడితే సగం మందికి కడుపులో తిప్పుతుంది. కారు పోతోందని కళ్లు అంటాయి. కదల్లేదని చెవి లోపలి బ్యాలెన్సు అంటుంది. ఆ తగాదా తీర్చటానికే ఇది. కొంచెం కరెంటు పంపి, చెవికి కూడా కదిలావనే చెబుతుంది."

"అయితే మా అన్నకే పెట్టండి సార్," అంది రెడ్డిరాణి. "బస్సెక్కితే కక్కుకుంటాడు. తిరుమల కొండెక్కాలంటే చేతిలో నిమ్మకాయ ఉండాల."

"మరి ర్యాలీ ఎలా నడుపుతాడమ్మా?"

"నడిపితే ఏం గాదు. కూసుంటేనే."

"నిమ్మకాయ సంగతి ఊరందరికీ చెప్పాల్నామ్మే?" అన్నాడు నరహరి, పట్టీ పెట్టించుకుంటూ.

అతను 17.6 కిలోమీటర్లను 14 నిమిషాల 20 సెకన్లలో నడిపాడు. 11.4 దగ్గర, "ఈడ కల్వర్టు యాడ పోయ?" అని అడిగాడు. 11.2 నుంచి 11.9 దాకా రోడ్డు నేరుగా ఉంది. రెండు పక్కలా ఒకే చెట్టు పది మీటర్లకొకసారి వస్తోంది. డ్రోన్‌తో కొలతలు తీసిన రోజు అక్కడ పొగమంచు పట్టిందని, ఆ ఏడు వందల మీటర్లకు ప్రస్తుతానికి నేరు రోడ్డు వేశామని, తర్వాత సరిచేస్తామని ఇందుశేఖర్ చెప్పాడు.

నరహరి హెల్మెట్ తీశాడు. చొక్కా కాలరు తడిసింది.

"కుర్చీ కదల్లేదమ్మే. నేను మాత్రం మలుపు మలుపుకీ వంగినా. నిమ్మకాయ లేకండానే."

ఆట ఆడినవాళ్లు "తొలి అభిప్రాయాలు" అనే కాగితం నింపాలి. ఎనిమిది ప్రశ్నలు. నరహరికి రాయటం ఇష్టం లేదు. చెల్లెలికి ఇచ్చాడు.

"నడపకుండా అభిప్రాయం ఎలా రాస్తారు? మీరూ ఒకసారి కూర్చోండి," అన్నాడు ఇందుశేఖర్.

రెడ్డిరాణి పట్టీ పెట్టుకుని ఒకసారి నడిపింది. 19 నిమిషాల 5 సెకన్లు. మళ్లీ నడపలేదు. తన పని పక్క సీటులో అని చెప్పింది.

ఆమె నింపిన కాగితం స్టూడియో ఫైల్లో ఉంది. మొదటి ప్రశ్నకు: "రోడ్డు మా రోడ్డే. గులకరాళ్ల చప్పుడు ఎడమ చక్రం కింద ఎక్కువ వస్తోంది, కుడి పక్క రావటం లేదు." నాలుగో ప్రశ్నకు: "బ్రేకు తొక్కితే ముక్కు వంగటం ఆలస్యం." ఏడో ప్రశ్నకు: "11.4 దగ్గర ఎడమ రెండు ఉంది. ఇక్కడ లేదు. పెట్టండి." ఏడో జవాబు పక్కన ఎర్ర సిరాతో ఇందుశేఖర్ రాశాడు: "తెలిసిందే. తర్వాతి వెర్షన్‌లో."

*

పట్టీ వేరే పని కూడా చేస్తోందని మొదట గమనించింది ఇందుశేఖరే. అక్టోబరు చివరి వారంలో ఒక రోజు ఆట మధ్యలో తెర చీకటైంది. కేబుల్ ఊడింది. నరహరి ఆగలేదు. రెండున్నర కిలోమీటర్లు, పదకొండు మలుపులు, ఏమీ కనబడకుండా నడిపాడు. కంప్యూటర్లో గీత చూస్తే ఎక్కడా అడుగుకు మించి పక్కకు పోలేదు.

కావాలని తెర ఆపి, ఆటను పరీక్షించటానికి వచ్చే మిగతా టెస్టర్లతోనూ చేయించారు. అందరిదీ అంతే. పట్టీ పెట్టుకుని నేర్చుకున్న రోడ్డు ఒంటికి పట్టేస్తోంది. నెల పట్టేది మూడు పూటల్లో వస్తోంది. స్టూడియోలో పనిచేసే తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు. కింద నుంచి మిఠాయి తెప్పించారు.

ఫిబ్రవరిలో ర్యాలీ జరగబోయేది ఆ రోడ్డు మీదే. అందుకే స్టూడియో ఆటకు ఆ రోడ్డును ఎంచుకుంది. నరహరి కారు మీద స్టూడియో లోగో అంటించారు. అతను వారానికి మూడు రోజులు తిరుపతి వచ్చాడు. పక్కన కుర్చీ వేసుకుని రెడ్డిరాణి నోట్సు చదివింది.

రెండో రోజు ఆమె డెబ్బై నాలుగో వరుస కూడా చదివింది. నరహరి "ఆ" అని నేరుగా వెళ్లాడు. ఆటలో రోడ్డు నేరుగానే ఉంది కనుక ఏమీ కాలేదు. ఆట అయ్యాక అన్నాడు:

"నువ్వొకటి చదివి నేనొకటి నడిపితే పాడైపోతాం రాణీ. లేని మలుపు చదవొద్దు. రేప్పొద్దున నువ్వు ఏం చదివినా నాకు అనుమానం వస్తాది."

ర్యాలీ జంటల్లో అది నియమం. నోట్సులో వినబడింది రోడ్డు మీద ఉండాలి. ఒక్కసారి లేదని తేలితే డ్రైవర్ ఆ తర్వాత ప్రతి వరుసకూ కాలు వెనక్కి తీస్తాడు. రెడ్డిరాణి డెబ్బై నాలుగు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. స్టూడియోలో ఆ తర్వాత దాన్ని చదవలేదు. జనవరి 31 దాకా నరహరి 212 సార్లు ఆ రోడ్డు నడిపాడు. ఇందుశేఖర్ చెప్పిన తర్వాతి వెర్షన్ అప్పటికీ రాలేదు. డిసెంబరులో తిరుపతిలో జరిగిన ప్రదర్శనకు ఆటను తయారు చేయటంలో అందరూ ఉన్నారు. ఆ ప్రదర్శనలో నాలుగు రోజుల్లో 1,906 మంది పట్టీ పెట్టుకుని తలా ఒకసారి ఘాట్ నడిపారు. తలుపు దగ్గర లెక్కపెట్టే మీట నొక్కారు. పేర్లు రాసుకోలేదు.

ఫిబ్రవరి 7న అసలు రోడ్డు మీద తనిఖీ. పోటీకి ముందు ప్రతి జంటకూ రెండు సార్లు తిరగటానికి అనుమతి ఉంటుంది. వేగం నలభై దాటకూడదు. రెడ్డిరాణి రెండు సార్లూ డెబ్బై నాలుగు చదివింది. నరహరి రెండు సార్లూ తిప్పాడు. ఆమె రబ్బరుతో పెన్సిల్ సున్నా చెరిపేసింది.

*

ఫిబ్రవరి 20. కర్మంతరాలు అయిన మర్నాడు. నరహరి భార్య హేమలత వంటింట్లో బియ్యం ఏరుతోంది. రెడ్డిరాణి గడప దగ్గర కూర్చుంది. ఎడమ చెయ్యి మెడకు కట్టి ఉంది. అప్పటికి తిరుగలి స్టూడియో, ప్రమాదం మీద వేసిన విచారణ కమిటీకి ఉత్తరం రాసింది. స్టూడియోలో కెమెరా పట్టిన 212 వీడియోల్లో మొదటి ఒకటి రెండు తప్ప అన్నిట్లో కో-డ్రైవర్ డెబ్బై నాలుగో వరుస దగ్గర మౌనంగా ఉందని, అదే అలవాటు రోడ్డు మీదా కొనసాగి ఉండవచ్చని అందులో ఉంది. ఆ ఉత్తరం నకలు ఇంటికి వచ్చింది.

"చెప్పినావా, లేదా?" అని అడిగింది హేమలత.

"గుర్తు లేదు వదినా."

"అదేం మాటమ్మే. నోటితో చెప్పినావో లేదో నీకే తెలీదా?"

"కుడి ఐదు చెప్పింది గుర్తుండాది. నేరుగా మూడు వందలు చెప్పింది గుర్తుండాది. ఆ తర్వాత ఆకాశం కనపడింది. అంతే."

హేమలత చేట పక్కన పెట్టింది. లోపలికి పోయి నోట్సు పుస్తకం తెచ్చింది. పోలీసులు తిరిగి ఇచ్చినది. అట్ట మీద మట్టి అలాగే ఉంది.

"చదువు. కార్లో ఎట్ల చదువుతావో అట్లనే చదువు."

"ఇప్పుడెందుకు వదినా?"

"చదవమంటున్నా కదా."

పుస్తకం హేమలత ఒళ్లో ఉంది. రెడ్డిరాణి పుస్తకం చూడకుండానే మొదలుపెట్టింది. ఆమెకు నోట్సు నోటికి వచ్చు. హేమలత వరుస వరుసకూ వేలు జరిపింది. డెబ్బై రెండు: కుడి ఐదు. డెబ్బై మూడు: నేరుగా మూడు వందలు. డెబ్బై ఐదు: కుడి నాలుగు, రాళ్లు. డెబ్బై ఆరు.

హేమలత వేలు డెబ్బై నాలుగు దగ్గరే ఆగింది. రెడ్డిరాణి ఎనభై దాకా పోయి, వదిన ముఖం చూసి ఆగింది.

"ఏమాయ?"

హేమలత పుస్తకం మూసి ఆమె ముందు పెట్టింది. బియ్యం చేట తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఎనిమిది రోజులు ఆడబిడ్డతో మాట్లాడలేదు. అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి పోయేది.

*

ఫిబ్రవరి 28న కమిటీ ముందు కారు రికార్డర్ తెరిచారు. అందులో మాటలు, వేగం, బ్రేకు, స్టీరింగ్ కోణం ఉంటాయి. కమిటీలో ముగ్గురు. గదిలో హేమలత, రెడ్డిరాణి, ఇందుశేఖర్ ఉన్నారు. చివరి తొమ్మిది సెకన్ల మాటలు కమిటీ నివేదికలో ఇలా ఉన్నాయి.

రెడ్డిరాణి: "నేరుగా మూడు వందలు."

రెడ్డిరాణి: "ఎడమ రెండు, కల్వర్టు, కొయ్యొద్దు."

నరహరి: "ఆ."

రెడ్డిరాణి: "ఎడమ రెండు! అన్నా!"

నరహరి: "తిప్పినా కదమ్మే."

డెబ్బై నాలుగో వరుస మలుపుకు 5.1 సెకన్ల ముందు చదివింది. ఆ దూరం 167 మీటర్లు. వేగం గంటకు 118 కిలోమీటర్లు. "తిప్పినా" అన్నప్పుడు స్టీరింగ్ కోణం సున్నా.

రెడ్డిరాణి కుర్చీలో ముందుకు వంగి కుడిచేత్తో ముఖం కప్పుకుంది.

హేమలత కమిటీ అధ్యక్షుణ్ణి అడిగింది: "ఆ అన్నాడే, అది ఇంకోసారి పెట్టండి సార్."

పెట్టారు. మరోసారి అడిగింది. మూడోసారి కూడా.

"నాతోనూ అంతే అనేవాడు," అంది. "ఏం చెప్పినా ఆ అనేవాడు. ఇన్నాడా లేదా తెలిసేది గాదు." రికార్డర్ వైపు చూసి, "ఈసారి ఇన్నాడు," అంది.

బయటికి వచ్చాక ఆమె రెడ్డిరాణి చెప్పులు వరండా చివరి నుంచి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. విరిగిన భుజంతో వంగటం కష్టమని.

*

మార్చి 11న స్టూడియోలో పరీక్ష పెట్టారు. అప్పటికి ఆ ఏడు వందల మీటర్లనూ టేపు పట్టి కొలిచి, మలుపు, కల్వర్టు ఆటలో పెట్టారు. పాత టెస్టర్లు 43 మందిలో ఆరుగురిని పిలిచారు. మొదట కూర్చున్నది జిలానీ. కదిరిలో టాక్సీ నడుపుతాడు. అక్టోబరు నుంచి అరవై సార్లు ఘాట్ నడిపాడు.

"మలుపు పెట్టినారంట కదా సార్. చూద్దాం పట్టండి," అని నవ్వుతూ కూర్చున్నాడు.

మలుపు ముందు స్పీకర్లో హెచ్చరిక వచ్చింది. "ఆ, ఇనపడింది," అన్నాడు. నేరుగా లోయలోకి వెళ్లాడు. వేగం 94.

"తిప్పినాను కదా సార్! మీ మిషను పట్టుకోలేదు."

తెర మీద గీత చూపించారు. సున్నా. నమ్మలేదు. స్టీరింగ్ మార్చి ఇంకోదాన్ని బిగించారు. మళ్లీ నేరుగా వెళ్లాడు. మూడోసారి అతని చేతుల వీడియో తీసి చూపించారు. చేతులు కదల్లేదు. జిలానీ వీడియో చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

"నిజంగా తిప్పినాను సార్. అల్లా సాక్షి. బరువు కూడా తెలిసింది."

అరవై కిలోమీటర్ల లోపు వేగంలో తిప్పగలిగాడు. అరవై దాటితే లేదు. మిగతా ఐదుగురిదీ అంతే. ఒక్కొక్కరి చేత సరిచేసిన ఆ ఏడు వందల మీటర్లను నలభై సార్లు నడిపించారు. ఫలితం మారలేదు. నలభయ్యోసారి కూడా ఆరుగురూ తిప్పామనే అన్నారు.

"నేను వారంలో రెండు మూడు తూర్లు ఆ దావనే పోతా సార్," అన్నాడు జిలానీ. "పాసింజర్లను ఎక్కించుకోని. యాభై దాటను గాబట్టి ఇన్నాళ్లూ బతికినా. ఇది ఎట్ల తీస్తారు?"

"ఇంకా తెలియదు జిలానీ," అన్నాడు ఇందుశేఖర్.

జిలానీ మర్నాడు టాక్సీ తాళం బావమరిదికి ఇచ్చేశాడు. అదే రోజు స్టూడియో పట్టీలన్నిటినీ సీలు వేసి కమిటీకి అప్పగించింది. 43 మంది టెస్టర్లకూ గుండ్లకోన రోడ్డులో వాహనం నడపవద్దని ఉత్తరాలు వెళ్లాయి.

మిగిలింది డిసెంబరు ప్రదర్శన. ఇందుశేఖర్ కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చిన వివరణలో, టెస్టర్లందరూ పదుల సార్లు నడిపినవాళ్లని, ప్రదర్శనకు వచ్చినవాళ్లు ఒక్కసారే నడిపారని, ఒక్కసారికి రోడ్డు ఒంటికి పట్టటం సాధ్యం కాదని రాశాడు. ఒక్కసారి మాత్రమే నడిపిన మనిషిని తీసుకురమ్మని కమిటీ అడిగింది. 1,906 మందిలో ఒక్కరి పేరూ స్టూడియో దగ్గర లేదు. పత్రికల్లో ప్రకటన ఇవ్వాలా అన్న విషయం మీద రెండు వారాలు చర్చ జరిగింది. ప్రకటన ఇస్తే జనం భయపడతారని కమిటీలో ఒకరు అన్నారు.

ఏప్రిల్ 2న రెడ్డిరాణి కమిటీకి ఫోన్ చేసింది.

"నేను ఒక్కసారే నడిపినా," అంది.

*

ఏప్రిల్ 6, ఉదయం పదిన్నర. కింద మండపంలో పెళ్లి. మేళం వినబడకుండా కిటికీలు మూశారు. రెడ్డిరాణి భుజం కట్టు విప్పి పది రోజులైంది. డాక్టరు అనుమతి కాగితం ఫైల్లో పెట్టారు. కమిటీ సభ్యులు ముగ్గురూ వచ్చారు. సీలు తీసి ఒక పట్టీ బయటికి తీశారు.

హెచ్చరిక స్పీకర్లో వద్దని రెడ్డిరాణి అంది. మనిషి చదివితేనే నడుపుతానంది. ఎవరు చదవాలని ఇందుశేఖర్ అడిగాడు. హేమలత పక్క కుర్చీలో కూర్చుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"నాకు చేత గాదమ్మే. ముందూ వెనకా చదివేస్తే తిట్టొద్దు."

"నువ్వు వేలు పెట్టుకోని చదువు వదినా. నేను మెల్లగనే పోతా."

"మెల్లగ పోతే పరీక్ష యాడిది?"

"అరవై దాటిస్తాలే."

ఇందుశేఖర్ పట్టీ పెట్టాడు. 11.4 దగ్గర మలుపు ఉందని, కల్వర్టు ఉందని, అక్కడ ఎడమకు తిప్పాలని కమిటీ అధ్యక్షుడు ఆమెకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తెలుసని చెప్పింది.

హేమలత ఒక్క వరుసా తప్పకుండా చదివింది. 11.1 దగ్గర, "నేరుగా మూడు వందలు," అంది. తర్వాత, "ఎడమ రెండు, కల్వర్టు, కొయ్యొద్దు," అంది. మళ్లీ, "ఎడమ రెండు, రాణీ," అంది.

"ఆ," అంది రెడ్డిరాణి. "తిప్పినా వదినా."

వేగం 81. బ్రేకు లేదు. స్టీరింగ్ కోణం సున్నా.